అమ్మ కలిపిన గీత

తిరగలి తిరుగుతోంది. చెంగల్వ కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమచేత్తో ముగ్గురాయి ముక్కలను గుప్పెడు గుప్పెడు తిరగలి నోట్లో పోస్తోంది. రెండు రాళ్ళ మధ్య నుంచి తెల్లటి పొడి చుట్టూ రాలి పళ్ళెంలా పేరుకుంటోంది. తెల్లవారినప్పటి నుంచి ఇది మూడో బుట్ట. కనురెప్పల మీద, ముక్కు కొన మీద, చెవిపోగుల మీద కూడా పొడి పడింది. పక్కన వరసగా మరో పదకొండు తిరగళ్ళున్నాయి, వాటి ముందు మరో పదకొండుమంది ఆడవాళ్ళున్నారు. ఎవరూ పాడటం లేదు. తిరగలి ముందు కూర్చుని కూడా పాట రాని ఆడవాళ్ళను చెంగల్వ ఈ ఊళ్ళోనే చూసింది.

"ఒసే మూగదానా," అని పిలిచింది పేరమ్మ. ఆ పొడికొట్టానికి ఆమె పెద్ద. చేతిలో వెదురుబద్ద ఉంటుంది గాని ఎవరినీ కొట్టదు, నోటితోనే పని నడిపిస్తుంది. "పొడి మెత్తగా రావాలి. నిన్నటి పొడిలో రవ్వ తగిలిందని మాంత్రికుడు మండిపడ్డాడు. నీకేం, ఎవరేమన్నా తిరిగి అననక్కర్లేదు. సుఖపడ్డావు."

చెంగల్వ తల ఊపింది. ఆమె మూగది కాదు. తొమ్మిది రోజులుగా నోరు తెరవలేదు, అంతే.

ఆ ఊరి పేరు ఆవర్తనగరం. తామ్రగిరి రాజ్యానికి ఉత్తరపు కొసన, కొండల నడుమ గిన్నెలాంటి లోయలో, ఒకదానిలో ఒకటిగా ఏడు గుండ్రటి గోడలతో ఉంటుంది. దాన్ని కట్టించిన ఆవర్తకుడు అనే మాంత్రికుడికి సైన్యం అక్కర్లేదు, ధనం అక్కర్లేదు. అతనికి కావలసినవి చేతులు. లోకంలో ఎక్కడ ఎవరు వలయం గీయగలిగినా, పేర్చగలిగినా, వాళ్ళను ఎత్తుకొచ్చేవాడు. మొదటి ద్వారం దగ్గర బావి నీళ్ళు ఒక దొప్పెడు తాగించేవాడు. తాగినవాళ్ళు ఊరి పేరూ, కన్నబిడ్డల ముఖమూ మరచిపోయేవారు. వాళ్ళ చేతులు మాత్రం ఏదీ మరచిపోయేవి కావు. ఆ చేతులతో అతను ఒక మహాచక్రం గీయిస్తున్నాడు. దాని చివరి గీత మూసుకున్ననాడు, అందులో చేయి పెట్టినవాళ్ళందరూ ఆ ఊరికి కట్టుబడిపోతారు, వాళ్ళకు మిగిలిన ఆయుష్షు అతనికి చేరుతుంది.

పన్నెండేళ్ళ కిందట రేగులపాడు అనే పల్లె నుంచి అలా ఎత్తుకొచ్చినవాళ్ళలో చెంగల్వ తల్లి నాంచారమ్మ ఒకతె. ఏటికి బట్టలు ఉతకడానికి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. అప్పటికి చెంగల్వకు ఏడేళ్ళు. ఆమెను అవ్వ పెంచింది. మాయమైన పనివాళ్ళ కోసం తామ్రగిరి యువరాజు జయంధరుడు మారువేషంలో పల్లెపల్లెకూ తిరుగుతూ మూడు నెలల కిందట వాళ్ళ వాకిట్లోకి వచ్చాడు. అతని వెంట చెంగల్వ బయలుదేరింది. కొత్తగా ఎత్తుకొచ్చినవాళ్ళ గుంపులో కలిసిపోయింది. మొదటి ద్వారం దగ్గర ఇచ్చిన నీళ్ళను ఆమె మింగలేదు. బుగ్గల్లో పట్టుకుని నిలబడింది. కాపలావాడు పేరేమిటని అడిగితే ఆమె పలకలేదు. మూగదిరా, తిరగలి దగ్గరికి పంపండి అన్నాడతను. మలుపు తిరిగాక చెంగల్వ గోడవారన నీళ్ళు ఉమ్మేసింది. అప్పటి నుంచి ఆ మూగతనమే ఆమెకు ముసుగయింది.

"గాజులమ్మా, గాజులు. పచ్చగాజులు, నల్లగాజులు, చుక్కల గాజులు."

పేరమ్మ మొహం చిట్లించింది. "పొద్దున్నే తగలడ్డావా? మొన్న నువ్వు తొడిగినవి సాయంత్రానికే పగిలాయి."

"గాజు తప్పేముంది అత్తా, నీ చేతి జోరు అలాంటిది." తలపాగా కళ్ళ మీదికి జారిన గాజులవాడు భుజాన ఉన్న గాజుల మలారం దించుకుని కూర్చున్నాడు. వరసగా తాళ్ళకు గుచ్చిన గాజులు ఎండలో మెరిశాయి.

"నా దగ్గర వరసలు కలపకు. నీ వయసు కొడుకు ఉండేవాడేమో నాకు." ఆ మాట అన్నాక పేరమ్మ ఆగిపోయింది. ఉన్నాడో లేడో ఆమెకు గుర్తు లేదు. వెదురుబద్దతో నేలమీద రెండుసార్లు తట్టింది. "ఊఁ, తొందరగా తొడిగి పో."

గాజులవాడు ఒకామె చేయి అందుకుని నొక్కాడు. గాజు టప్పున విరిగింది. రెండోది కూడా విరిగింది.

"నీది గాజులు తొడిగే చెయ్యేనా? ఆ కాయలు చూడు, కత్తి పట్టినవాడికి కాసినట్టున్నాయి," అంది పేరమ్మ.

"ఎడ్ల పగ్గాలు పట్టిన కాయలత్తా. రెండు ఎడ్లూ రెండు దిక్కులకు లాగుతాయి. వాటికి ఇంటి దారి తప్ప ఇంకో దారి పట్టదు."

పొడికొట్టంలో ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు మధ్యలో అతను చెంగల్వ చేయి అందుకుని వంగాడు. అతనే జయంధరుడు. పెదవులు కదపకుండా మెల్లగా చెప్పాడు. "నాలుగో గోడ కింద నీటి తూము ఇప్పుడు ఎండి ఉంది. మధ్యాహ్నపు గంటకు నీళ్ళు వదులుతారు. ఈలోగా అమ్మను తీసుకురావాలి. చక్రశాలలో నేను గొడవ పెడతాను. అప్పుడు నోరు విప్పు."

చెంగల్వ అతని వైపు చూసింది. వస్తుందా అనే ప్రశ్న ఆమె కళ్ళలో ఉంది.

"నీ గొంతు వింటే వస్తుంది," అంటూ అతను ఆమెకు రెండు పచ్చగాజులు పగలకుండా తొడిగాడు. లేచి మలారం భుజాన వేసుకున్నాడు.

చెంగల్వ పొడిబుట్ట నెత్తిన పెట్టుకుని చక్రశాల వైపు నడిచింది. దారి వంపు తిరుగుతూ పోతుంది. ఆ ఊళ్ళో తిన్నని వీధి ఒక్కటీ లేదు. నడుస్తుంటే ఆమెకు అవ్వతో తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. వాన వెలిసిన పొద్దున తుమ్మచెట్ల మధ్య సాలెగూడు కనిపిస్తే అవ్వ ఆగేది. గూడు చెదరకుండా పక్కనుంచి నడవమనేది. ఇసుకలో గరాటులాంటి గుంట తవ్వుకుని అడుగున దాక్కునే పురుగును గడ్డిపరకతో పైకి రప్పించి చూపించేది. కొట్టేసిన వేపమొద్దు మీద ఒకదాని చుట్టూ ఒకటిగా ఉన్న గీతలను వేలితో లెక్కబెట్టించేది. ఈ సన్నగీత నువ్వు పుట్టిన యేడు, వానలు లేవు అనేది. పొద్దుతిరుగుడు పువ్వులో గింజలు ఎటునుంచి ఎటు తిరుగుతున్నాయో చూడమంటే చెంగల్వకు కళ్ళు తిరిగేవి. ఒకసారి చంద్రుడు చుట్టూ వెలుగు వలయంతో గుడి కట్టిన రాత్రి వాకిట్లో నులకమంచం మీద పడుకుని, ఇవన్నీ ఎందుకవ్వా గుండ్రంగా ఉంటాయి అని అడిగింది. అవ్వ, ఏమోనమ్మా, గుండ్రంగా ఉన్నదాంట్లో ఎవరో ఒకరు కాపురం ఉంటారు అంది.

చక్రశాలకు కప్పు లేదు. నూట ఎనిమిది నల్లరాతి స్తంభాలు చుట్టూ నిలబడి ఆకాశాన్ని మోస్తున్నట్టుంటాయి. వాటి నడుమ ఒక చేనంత నేల మీద చక్రం పరుచుకుని ఉంది. మధ్యలో పగడపు రంగు ఇసుకతో ఎనిమిది రేకుల తామర ఉంది. దాని చుట్టూ నీలపు మెట్ల కోటకు నాలుగు దిక్కులా నాలుగు పసుపు వాకిళ్ళున్నాయి. ఆ పైన గాజురాతి పలకలతో పేర్చిన నక్షత్రాలు ఒకదాని కొమ్మ ఇంకొకదాన్ని తాకుతూ వేలకు వేలు మెరుస్తున్నాయి. ఆ తర్వాత గవ్వల అలల వరస, దాన్ని దాటితే ఎర్రమట్టి మీద బియ్యప్పిండితో గీసిన మనుషులు చేయి చేయి పట్టుకుని ఆడుతున్నారు. అన్నిటికీ వెలుపల, ఇంకా పూర్తికాని తెల్లటి ముగ్గు చుట్టు ఉంది. పొద్దుటి ఎండ పడితే అదంతా మెల్లగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. తొమ్మిది రోజులుగా చూస్తున్నా చెంగల్వకు ప్రతిసారీ కాళ్ళు తడబడతాయి.

నీలం కోట అంచున మంచుదేశపు ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన పేరు ఆయనకే తెలియదు కాబట్టి అందరూ ఇసుకతాత అంటారు. సన్నటి ఇత్తడి గొట్టంలో ఇసుక పోసి, గొట్టాన్ని గీకుతూ ఒక్కొక్క రేణువే రాలుస్తాడు.

"వచ్చావా అమ్మాయీ," అన్నాడు. మూగపిల్ల ఎవరికీ చెప్పదు కనుక ఆమెతో అన్నీ చెప్పుకుంటాడు. "ఇవాళ కూడా నా చేయి అల్లరి చేస్తోంది. పని పూర్తవుతోందంటే చాలు, చీపురు కోసం వెతుకుతుంది. ఇంత కష్టపడి గీసినదాన్ని ఊడ్చి ఏటిలో కలపమంటుంది. మా ఊళ్ళో అలా చేసేవాళ్ళేమో. ఊడ్చేస్తేనే మళ్ళీ గీయబుద్ధి పుడుతుంది కదా."

"నీది ఊడ్చే చెయ్యి, నాది చెడగొట్టే చెయ్యి," అన్నాడు పలకలు పేర్చే ఎడారివాడు. అతను ప్రతి నక్షత్రంలోనూ ఒక్క పలక కావాలని తప్పుగా పెడతాడు. మాంత్రికుడి శిష్యులు వెతికి సరిచేస్తారు. "తప్పులేని పని చేసే హక్కు మనిషికి లేదని ఎవరో చిన్నప్పుడు చెవి మెలిపెట్టి చెప్పారు. ఎవరో గుర్తు రాదు. చెవి మాత్రం ఇంకా మండుతోంది."

అడవిజాతి ఆడవాళ్ళు ఆటగాళ్ళ వరసలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలేస్తారు. అక్కడా శిష్యులే వచ్చి బొమ్మ నింపుతారు. అలా అన్ని దేశాల చేతులనూ ఆవర్తకుడు దిద్దుకున్నాడు. వెలుపలి ముగ్గును మాత్రం దిద్దలేకపోయాడు. ఆ గీత మొదలుపెట్టిన చేతితోనే ముగియాలి, ఇంకొకరు కలిపితే మంత్రం పట్టదు.

ఆ చేయి నాంచారమ్మది.

ఆమె స్తంభం పక్కన నడుం వంచి నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నుంచి ముగ్గుపొడి దారంలా జారుతోంది. వేళ్ళ కదలిక చూస్తుంటే చెంగల్వకు రేగులపాడు వాకిలి, కళ్ళాపి చల్లిన తడినేల వాసన, గడప మీద కూర్చుని చద్దన్నం తింటున్న తానూ కళ్ళముందుకు వచ్చాయి. అమ్మ చుక్కలు పెడుతూ వెనక్కి నడిచేది. నడుస్తూ, కాలు తీయవే పిల్లా అనేది.

గీత చుట్టంతా తిరిగి మొదటికి వచ్చింది. కలవడానికి జానెడు దూరంలో ఆమె చేయి ఆగిపోయింది. వేళ్ళు విదిలించుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మళ్ళీనా?"

ఆ గొంతుకు చక్రశాలంతా పని ఆపింది. స్తంభాల నీడలోంచి ఆవర్తకుడు బయటికి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. చెవులకు వేలాడే బంగారు కుండలాలు భుజాలను తాకుతున్నాయి. అతని కళ్ళలో నల్లగుడ్డు చుట్టూ పచ్చవలయం, దాని చుట్టూ ఎర్రవలయం ఉన్నాయి. "పన్నెండేళ్ళుగా గీస్తున్నావు. జానెడు దగ్గర ఎందుకు ఆగుతావు?"

"ఏమో దొరా, చెయ్యి పోదు," అంది నాంచారమ్మ.

"కొరడా చూపించాను. ఉపవాసం పెట్టాను. మధ్యాహ్నపు గంటలోగా ఆ గీత కలవాలి. కలవకపోతే నిన్ను సుడిబావిలో వేయించి, కొత్త చేయి వెతుక్కుంటాను. ఇంకో పన్నెండేళ్ళు పడితే పడనీ."

సుడిబావిలో పడ్డవాళ్ళ బట్ట కూడా పైకి తేలదు. అమ్మ చేయి ఎందుకు పోవడం లేదో ఆ శాలలో ఆమె ఒక్కదానికే తెలుసు. రేగులపాటిలో ఇంటి మనిషి ఎవరైనా మాయమైతే, వాళ్ళు తిరిగి వచ్చేదాకా వాకిట్లో ముగ్గు చుట్టు మూయరు. జానెడు ఎడం వదులుతారు. వచ్చినవాళ్ళు గడప తొక్కగానే ఇంటి ఇల్లాలు పరుగున వచ్చి ఆ ఎడం కలుపుతుంది, అదే స్వాగతం. అవ్వ వాకిట్లో పన్నెండేళ్ళుగా ఆ ఎడం అలాగే ఉంది. ఇక్కడ అమ్మకు కూతురి పేరు గుర్తు లేదు, ముఖం గుర్తు లేదు. ఎవరో ఇంట్లో లేరని ఆమె చేతికి మాత్రం తెలుసు.

అప్పుడే శాల అవతలి కొసన పెద్ద గలాటా లేచింది.

"దారివ్వండి బాబూ, కాలు జారింది," అని అరుస్తూ గాజులవాడు మెట్ల మీద నుంచి బోర్లా పడ్డాడు. మలారం తాళ్ళన్నీ ఒక్కసారిగా తెగాయి. వేల గాజులు నల్లరాతి నేలమీద గలగలమంటూ దొర్లాయి. కొన్ని నిలువునా పరిగెత్తాయి, కొన్ని బొంగరాల్లా తిరిగాయి. వాటి మీద కాలుపెట్టిన భటులు ఒకడి మీద ఒకడు కూలారు. "చక్రం చెడుతుంది, పట్టుకోండి" అని శిష్యులు గాజుల వెంట పడ్డారు. గాజులవాడు లేస్తూ లేస్తూ ఒక భటుడి నడుం నుంచి కత్తి లాగాడు. తలపాగా ఊడి పడింది. "వీడు జయంధరుడురా," అని ఎవడో గుర్తుపట్టాడు. ముగ్గురు మీద పడ్డారు. అతను స్తంభాన్ని చుట్టి ఒకడిని వెనకనుంచి తన్నాడు, రెండోవాడి శూలాన్ని విరిచాడు, మూడోవాడు తానే గాజుల మీద జారి ఇసుకతాత రంగుగిన్నెల్లో పడ్డాడు.

ఆ సందడిలో చెంగల్వ బుట్ట వదిలేసి పరిగెత్తింది. నాంచారమ్మ రెండు చేతులూ పట్టుకుంది. తొమ్మిది రోజులుగా వాడని గొంతు మొదట పలకలేదు. రెండోసారికి పలికింది.

"అమ్మా, నేను చెంగల్వని. మన అవ్వ పంపింది. పద పోదాం."

నాంచారమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కళ్ళు చిట్లించి, చూరు నీడలోంచి ఎండలోకి చూసేవాళ్ళలా చూసింది. పొడి అంటిన బొటనవేలితో కూతురి కనుబొమ్మ తుడిచింది. "కాలు తీయవే పిల్లా," అంది మెల్లగా. "ఎంత పొడుగైపోయావే. ఎక్కడికి పోయావు ఇన్నాళ్ళు?"

"తర్వాత చెబుతానమ్మా, ముందు పద."

"ఉండు మరి, ఒక్క క్షణం. వచ్చినదాన్ని వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడతారా?" అని నాంచారమ్మ నవ్వింది. చేయి విడిపించుకుని వంగింది. గుప్పెట్లో ఇంకా ముగ్గుపొడి ఉంది. చెంగల్వకు సంగతి తట్టేలోగా, ఆమె చేయి పట్టుకునేలోగా, పన్నెండేళ్ళుగా తెరిచి ఉన్న జానెడు గీతను ఆ వేళ్ళు ఒక్క ఊపులో కలిపేశాయి.

గాజుల చప్పుడు ఆగిపోయింది. నేల అడుగునుంచి తిరగలి మొదలైనట్టు ఒక మోత వచ్చింది. ఏడు గోడలూ కదిలాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, రాతిమీద రాయి ఒరుసుకుంటూ తిరగసాగాయి. నాలుగో గోడ కింది తూము నుగ్గయింది. చక్రంలో చేయి పెట్టినవాళ్ళందరి మణికట్ల చుట్టూ తెల్లటి గీత ఒకటి వెలిగింది. భటులు తనను చుట్టుముట్టేసరికి జయంధరుడు స్తంభమెక్కి, పక్కనుంచి తిరుగుతూ పోతున్న లోపలి గోడ మీదికి, అక్కడి నుంచి దాని అవతలి గోడ మీదికి దూకాడు. గోడ అతన్ని మోసుకుంటూ వంపు తిరిగి కనుమరుగైంది.

ఆవర్తకుడు నవ్వాడు. "కొరడా కాదు, ఒక పిల్ల కావలసి వచ్చిందన్నమాట." చెంగల్వ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "మూగదానివి బాగా మాట్లాడావు. నీ చేయి నా చక్రంలో లేదు, నువ్వు వెళ్ళాలనుకుంటే నిన్నెవరూ ఆపరు. కాని వెళ్ళినవాళ్ళు మళ్ళీ లోపలికి రాలేరు. పన్నెండేళ్ళకు దొరికిన అమ్మను వదిలి వెళతావా ఏమిటి?" అని శిష్యుల వైపు తిరిగాడు. "వీళ్ళకు మంచి ఇల్లు ఒకటి చూపించండి. సంకెళ్ళు అక్కర్లేదు."

వెళుతున్నప్పుడు ఇసుకతాత ఆమె పక్కనే నడిచాడు. ఆయన మణికట్టు మీద కూడా తెల్లగీత వెలుగుతోంది. "అమ్మాయీ, ఒక్క రోజుతో ముడి బిగియదు," అన్నాడు. "ఇలాంటి చక్రానికి మూడు పొద్దులుండాలి. రేపూ ఎల్లుండీ అదే చేయి అదే గీత మీద మళ్ళీ గీయాలి. కలిసిన గీతను ఇంకెవరూ చెరపలేరు. ఏ పొద్దునైనా ఆ చేయే ఎడం వదిలిందా, అందరి కట్లూ ఊడతాయి. నాకెలా తెలుసనకు, నా చేతికి తెలుసు."

వాళ్ళకు ఇచ్చిన ఇల్లు అన్నిటికన్నా బయటిదైన మొదటి గోడ వారన ఉంది. పేడతో అలికిన నేల, రెండు గదులు, వాకిట్లో తులసి మొక్క. పొయ్యిలో నిప్పు కూడా సిద్ధంగా ఉంది. నాంచారమ్మ అది తన ఇల్లే అన్నట్టు కొంగు దోపుకుని వంట మొదలుపెట్టింది. బియ్యం కడుగుతూ, అవ్వ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది. ఎర్రావు ఈనిందా అని అడిగింది. ఎర్రావు చచ్చిపోయి తొమ్మిదేళ్ళయిందని చెంగల్వ చెప్పలేదు. ఈనింది, కోడెదూడ అంది.

"ఇలా కూర్చో, ఆ తలేమిటి పిచ్చుకగూడులా." నాంచారమ్మ నూనెగిన్నె తెచ్చుకుని కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుంది. పాయ తీస్తూ, గట్టిగా లాగుతూ, చిన్నప్పటిలాగే తల తిప్పినప్పుడల్లా మొట్టికాయ వేస్తూ జడ అల్లింది. చెంగల్వ ఆ నొప్పి కోసం కావాలనే రెండుసార్లు తల తిప్పింది.

"అమ్మా, రేపు ముగ్గు వేసేటప్పుడు ఎడం వదలవా? నాకోసం."

"నీకేమైనా మతి పోయిందా? పిల్ల ఇంట్లో ఉండగా ముగ్గు తెరిచి పెడతారా? ఇంటికి అరిష్టం."

"మాంత్రికుడు చెడ్డవాడమ్మా. ఆ గీత కలిస్తే నువ్వు ఇక్కడే..."

"ఏ మాంత్రికుడు? ఆ పొడుగాయనా? పాపం, ఇల్లిచ్చాడు కదా." నాంచారమ్మ గొంతులో అనుమానం లేదు. బావి నీళ్ళు ఆమె బుద్ధిని అలాగే కప్పి ఉంచాయి. తిరిగి గుర్తొచ్చింది కూతురూ, రేగులపాటి ఇల్లూ మాత్రమే. "నువ్వొచ్చావు, నేను కలిపాను. రేపూ కలుపుతాను. ఎల్లుండీ కలుపుతాను."

చెంగల్వ మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుంది. "పోనీ, నేను ఎక్కడికైనా వెళ్ళి వస్తానని చెప్పాననుకో. అప్పుడు వదులుతావా?"

"చెప్పి వెళ్ళినదానికి ఎందుకే వదలడం? వస్తానన్నవాళ్ళు వస్తారు, వాళ్ళకు అన్నం మూతపెట్టి ఉంచితే చాలు." జడ కొస ముడి వేసి, వీపు మీద తట్టింది నాంచారమ్మ. "చెప్పకుండా పోయినవాళ్ళకే వదిలేది. వాళ్ళు ఎప్పుడొస్తారో, ఏ దారిన వస్తారో తెలియదు గదా. లే, ఆకు వేస్తాను."

చెంగల్వ లేవలేదు. వాకిలి అవతల గోడ మెల్లగా కదులుతూ పోతోంది. రాళ్ళ మీద నాచు, ఒక రావిమొలక, ఒక పగులు, ఒకదాని వెనుక ఒకటి వచ్చి దాటిపోతున్నాయి. జాముకు ఒకసారి ద్వారం ఈ ఇంటి ముందుకు వస్తుందని దారిలో శిష్యులు అనుకుంటుంటే ఆమె విన్నది. ఎండ పడమటికి వాలింది. ఆ గోడ వెలుపల, ఎక్కడో దూరంగా, సన్నగా ఒక కేక వినిపించింది.

"గాజులమ్మా, గాజులు."

"ఈ ఊళ్ళో గాజులు కూడా అమ్మకానికొస్తాయే," అంది నాంచారమ్మ సంబరంగా. "అన్నం తిన్నాక పిలుద్దాం. నీ చేతికి పచ్చవి బాగున్నాయి, నాకూ అవే కొను."

ఆకు ముందు చెంగల్వ కూర్చుంది. వేడి అన్నం, దోసకాయ పప్పు, గోంగూర వేసింది అమ్మ. ఆ పప్పులో రేగులపాటి పోపు వాసన వచ్చింది. కరివేపాకు ఎక్కువ, మినప్పప్పు కొంచెం మాడిన వాసన. అవ్వ ఎన్నిసార్లు పెట్టినా ఆ మాడు రాలేదు. చెంగల్వ ఒక ముద్ద తింది. రెండో ముద్ద కలిపింది. రేపు పొద్దున అమ్మ చేయి జానెడు దగ్గర ఆగితే వందమంది చేతుల కట్లు ఊడతాయి. ఆగకపోతే అమ్మకు మిగిలిన ఆయుష్షు మాంత్రికుడికి పోతుంది, బయటికి వెళ్ళిన తనకు ఈ వాకిలి మళ్ళీ కనిపించదు. మాటవరసకు వస్తాను అన్నా అమ్మ చేయి ఆగదు.

వాకిలి ముందు గోడలో నల్లగా ఒక సందు కనిపించింది. అది తలుపంత అయింది. దానిలోంచి అవతలి ఎండ, ఎండలో గుర్రం పగ్గం పట్టుకుని నిలబడ్డ మనిషి నీడ కనిపించాయి.

"అయ్యో, నెయ్యి మరిచాను," అంటూ నాంచారమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. కూతురి తల నిమిరి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె మూత తీసిన చప్పుడు వినపడింది.

"కరిగించనా, పేరుకున్నదే వేసుకుంటావా?" అని లోపలినుంచి అడిగింది.

చెంగల్వ లేచింది. ఎంగిలిచేతిని పిడికిలి బిగించి, గాజులు చప్పుడు కాకుండా రెండో చేత్తో పైకి తోసి పట్టుకుని, గడప దాటింది.